అలల విద్యుత్తు: ఉద్యోగాలు ఎక్కడ పుడతాయి?

ప్రపంచమంతటా సముద్రం నుంచి కరెంటు తీసే కేంద్రాల సామర్థ్యాన్ని కూడితే 500 మెగావాట్లకు కాస్త పైన తేలుతుంది. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రంలో ఒక్క యూనిట్ సామర్థ్యమే 500 మెగావాట్లు. సముద్రం ఇచ్చే ఆ కొద్దిలో కూడా 494 మెగావాట్లు రెండే రెండు చోట్ల ఉన్నాయి: ఫ్రాన్స్‌లో 1966 నుంచి నడుస్తున్న లా రాన్స్‌లో 240, దక్షిణ కొరియాలో 2011లో మొదలైన సిహ్వాలో 254. ఆ రెండూ పోటు నీటిని ఆనకట్టతో పట్టి టర్బైన్లు తిప్పేవి. అలలతో వాటికి సంబంధం లేదు. అచ్చంగా అలల నుంచి వచ్చే కరెంటు ప్రపంచం మొత్తం మీద కొద్ది మెగావాట్లే. మరోవైపు చూస్తే, సముద్రాల మీద అలల్లో ఏడాది పొడవునా ఉండే శక్తి 29.5 లక్షల కోట్ల యూనిట్లని వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్య సమితి ఏర్పాటు చేసిన ఐపీసీసీ 2011 నివేదికలో ఉదహరించింది. ప్రపంచం ఇప్పుడు ఏడాదికి ఉత్పత్తి చేసే కరెంటు కూడా ఇంచుమించు అంతే.

ఈ రెండు లెక్కల్లో ఏదో ఒకటే పట్టుకున్నవారికి రెండు తొందరపాటు తీర్పులు సిద్ధంగా ఉంటాయి. రెండో లెక్క చూసినవారు ఇది రేపటి మహా పరిశ్రమ అంటారు. ఇంజనీరింగ్ చదివే పిల్లలను ఇటు రమ్మంటారు. మొదటి లెక్క చూసినవారు యాభై ఏళ్లుగా ఎదగని రంగం ఇక ఎదగదని కొట్టిపారేస్తారు. రెండూ సరైన తీర్పులు కావని ఈ వ్యాసం వాదన. యంత్రం గెలిచాక ఉద్యోగాలు వస్తాయని అందరూ అనుకుంటారు. ఈ రంగం చరిత్ర చెప్పేది వేరు. యంత్రాలు వరసగా ఓడుతున్న కాలంలోనే కొన్ని ఊళ్లలో పని పుట్టింది, నైపుణ్యం స్థిరపడింది. కొన్ని చోట్ల ఏదీ మిగల్లేదు. ఆ తేడాకు కారణం యంత్రం కాదు. దాన్ని నీళ్లలో దించి, చెడినప్పుడు పైకి తీసి, విప్పి చూసి, మళ్లీ దించగల శాశ్వతమైన చోటు ఒకటి ఉండడమో, లేకపోవడమో.

ఓటములు ఎందుకు అన్ని వచ్చాయో ముందు అర్థం కావాలి. లోతు నీటిలో కెరటం మోసుకొచ్చే శక్తి దాని ఎత్తు వర్గాన్ని బట్టి, ఒక కెరటానికీ మరో కెరటానికీ మధ్య పట్టే కాలాన్ని బట్టి పెరుగుతుంది. మీటరు ఎత్తున, ఏడు సెకన్లకోసారి వచ్చే అలలుంటే ప్రతి మీటరు పొడవుకూ మూడు కిలోవాట్లకు పైచిలుకు శక్తి ఉంటుంది. స్కాట్లండ్ పడమటి తీరంలోలా మూడు మీటర్ల ఎత్తు, తొమ్మిది సెకన్ల కాలం ఉంటే అది 40 కిలోవాట్లు. తుపానులో ఎనిమిది మీటర్ల అలలు పన్నెండు సెకన్లకోసారి వస్తే 370 దాటుతుంది. మామూలు రోజున మూడు కిలోవాట్లు పట్టుకుని బతకాల్సిన యంత్రం ఏడాదిలో ఏదో ఒక రాత్రి దానికి నూరు రెట్ల దెబ్బకు తట్టుకుని నిలబడాలి. ఆ రాత్రికి సరిపడా ఉక్కు వేస్తే మామూలు రోజు ఆదాయంతో ఆ ఉక్కు ఖర్చు తీరదు. తగ్గించి వేస్తే ఆ రాత్రి యంత్రమే మిగలదు. గాలిమర గాలి మితిమీరితే రెక్కల్ని పక్కకు తిప్పుకుని నిలబడుతుంది. నీటి సాంద్రత గాలికి ఎనిమిది వందల రెట్లు. దాని ముందు తప్పుకోవడం అంత తేలిక కాదు. దీనికి ఉప్పునీటి తుప్పు, గుంజీ వదిలీ అరిగిపోయే లంగరు గొలుసులు, నెలల్లోనే పట్టే నాచూ గుల్లలూ కలపాలి. ఒడ్డున పది నిమిషాల్లో మార్చే బోల్టుకు అక్కడ పడవ, డైవరు, సముద్రం నెమ్మదించే రోజు, మూడూ ఒకేసారి దొరకాలి.

ఈ లెక్కకు సాక్ష్యంగా నిలిచిన శిథిలాలు చాలానే ఉన్నాయి. నార్వేలో బెర్గెన్ దగ్గర టాఫ్టెస్టాలెన్‌లో 1985లో కట్టిన కేంద్రాన్ని 1988 డిసెంబరు తుపాను ఎత్తుకుపోయింది. 1995లో స్కాట్లండ్ ఉత్తర తీరానికి లాక్కెళ్లిన అలల యంత్రం ఓస్‌ప్రే కొద్ది రోజుల్లోనే మునిగిపోయింది. పాములా వంద మీటర్లకు పైగా సాగిన పెలామిస్ యంత్రాలు మూడింటిని 2008 సెప్టెంబరులో పోర్చుగల్‌లోని అగుసదోర తీరంలో దించి ప్రపంచంలో తొలి అలల విద్యుత్ క్షేత్రమని ప్రకటించారు. వాటి సామర్థ్యం రెండుంపావు మెగావాట్లు. బేరింగుల్లో లోపం, ఆ వెంటనే పెట్టుబడి పెట్టిన సంస్థ ఆర్థిక సంక్షోభంలో కూలడం, రెండూ కలిసి నవంబరుకల్లా వాటిని రేవులోకి తెచ్చేశాయి. పెలామిస్ సంస్థ 2014లో, ఆయిస్టర్ యంత్రాన్ని చేసిన ఆక్వామెరీన్ పవర్ 2015లో చేతులెత్తేశాయి. అజోర్స్ దీవుల్లో పీకో కేంద్రం 2018లో కూలింది. నిలిచి నడుస్తున్నది స్పెయిన్‌లో బాస్క్ తీరాన ముట్రికు. రేవు కోసం ఎలాగూ కట్టాల్సిన అలల అడ్డుగోడలోనే 2011లో పదహారు చిన్న టర్బైన్లు అమర్చారు. మొత్తం 296 కిలోవాట్లు. అంత చిన్నది కనకే అది తట్టుకుని నిలిచిందన్నది నా అంచనా.

ఇంత జరిగాక కూడా స్కాట్లండ్‌లో ఏం మిగిలిందన్నదే అసలు ప్రశ్న. 1973 చమురు సంక్షోభం తర్వాత ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ సాల్టర్ అలల మీద ఊగే ఒక పరికరాన్ని రూపొందించి 1974లో నేచర్ పత్రికలో ప్రచురించారు. బాతు ఆకారం వల్ల దాన్ని సాల్టర్ డక్ అంటారు. ఎనభైల మొదట్లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ కార్యక్రమానికి నిధులు నిలిపేసింది. పూర్తి పరిమాణంలో బాతు ఏనాడూ సముద్రంలో తేలలేదు. అయినా ఆ ప్రయోగశాల మనుషులు చెల్లాచెదురు కాలేదు. బాతు కదలికను కరెంటుగా మార్చడానికి వాళ్లు ఆలోచించిన హైడ్రాలిక్ పద్ధతి నుంచి 1994లో ఆర్టెమిస్ అనే సంస్థ పుట్టింది. దాన్ని 2010లో మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ కొని, ఆ పరిజ్ఞానాన్ని సముద్రపు గాలిమరలోకి తీసుకెళ్లింది. నమూనాలను పరీక్షించడానికి నీటి తొట్టిలో కృత్రిమంగా అలలు పుట్టించే యంత్రాలను కూడా ఆ బృందమే చేసుకోవాల్సి వచ్చింది. ఆ విద్యతో పుట్టిన ఎడిన్‌బరో డిజైన్స్ ఇప్పుడు అనేక దేశాల ప్రయోగశాలలకు అలల తొట్లు సరఫరా చేస్తోంది. పెలామిస్ మూతపడ్డాక దాని ఇంజనీర్లు కొందరు క్వోషంట్ అనే సంస్థ పెట్టుకుని తేలే యంత్రాలను తొందరగా కలిపే, విడదీసే పరికరాల మీద పనిచేస్తున్నారు. ఓడిన యంత్రాలను మాత్రమే లెక్కించేవారి కంటికి ఇవేవీ ఆనవు.

దీనికన్నా పెద్ద సాక్ష్యం ఓర్క్నీ దీవులు. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఇరవై వేల పైచిలుకు జనాభా ఉన్న దీవుల గుంపు అది. 2003లో అక్కడి స్ట్రామ్‌నెస్‌లో ప్రభుత్వ నిధులతో యూరోపియన్ మెరైన్ ఎనర్జీ సెంటర్ మొదలైంది. అది సొంతంగా ఏ యంత్రమూ తయారు చేయదు. సముద్రం అడుగున తీరం దాకా కేబుళ్లు వేసి, గ్రిడ్‌కు కలిపి, పర్యావరణ అనుమతుల పని ముందే చాలావరకు ముగించి, అలల కొలతలు తీస్తూ, ఎవరి యంత్రమైనా తెచ్చి తగిలించుకోండని చోటు అద్దెకిస్తుంది. 2004లో పెలామిస్ తొలిసారి గ్రిడ్‌కు కరెంటు ఇచ్చింది అక్కడే. అలా వచ్చిన కంపెనీల్లో చాలా దివాలా తీశాయి, కేంద్రం మాత్రం ఉంది. యంత్రాలను లాక్కెళ్లే టగ్గులు, లంగర్లు దించే పడవలు, డైవర్లు, సముద్రగర్భం సర్వే చేసేవారు, సీళ్లూ పక్షులూ ఏమవుతున్నాయో లెక్కగట్టే జీవశాస్త్రజ్ఞులు, అనుమతుల పత్రాలు తయారు చేసేవారు, అందరికీ ఆ దీవుల్లోనే పని దొరికింది. అక్కడి పడవల సంస్థ లీస్క్ మెరైన్, పర్యావరణ సలహా సంస్థ ఆక్వాటెరా ఆ అనుభవాన్ని దీవులు దాటించి బయటి దేశాలకు అమ్ముకుంటున్నాయి. కంపెనీ మారినా లంగరు దించే మనిషి మారలేదు. అలల ఉద్యోగం అనే మాటకు నాకు కనిపించే గట్టి అర్థం అదే.

ఇది అలల రంగానికే ప్రత్యేకం కాదు. గాలిమరల్లో జర్మనీ 1983లో గ్రోవియాన్ అనే మూడు మెగావాట్ల భారీ మర నిలబెట్టి నాలుగేళ్లకే ఆపేసింది. డెన్మార్క్ 1978లో రీసోలో పరీక్షా కేంద్రం పెట్టి, చిన్న వర్క్‌షాపులు చేసిన చిన్న మరలను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ, లోపాలు చెబుతూ వచ్చింది. పరిశ్రమ ఎవరిదైందో అందరికీ తెలుసు.

మన దేశం ఈ విషయంలో ఆలస్యంగా మేలుకొన్నదేమీ కాదు. కేరళలో తిరువనంతపురం దగ్గరి విళింజం రేవులో ఐఐటీ మద్రాస్ బృందం 150 కిలోవాట్ల అలల విద్యుత్ కేంద్రాన్ని 1991లో నడిపించింది. అప్పటికి ప్రపంచంలో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. కాంక్రీటు గది లోపలికి అల వచ్చి వెళ్తుంటే పైనున్న గాలి ఒకసారి బయటికి, ఒకసారి లోపలికి ఊగుతుంది. గాలి ఎటు వీచినా ఒకే దిశలో తిరిగే వెల్స్ టర్బైను దాన్ని పట్టుకుంటుంది. ఋతుపవన కాలం కలిసిన ఏప్రిల్ నుంచి నవంబరు దాకా సగటున 75 కిలోవాట్లు, మిగతా నాలుగు నెలలు 25 కిలోవాట్లు వస్తుందని లెక్కగట్టారు. ప్రతి కెరటానికీ ఎగిసిపడే ఆ కరెంటు గ్రిడ్‌కు తలనొప్పి అయింది. తర్వాత చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఎన్‌ఐఓటీ, దాన్ని చేపట్టి, 2004లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యూనిట్‌కు కలిపి రోజుకు పది వేల లీటర్లు తీయించింది. ఆలోచన చాలా మంచిది. ఆ తర్వాత కేంద్రం మూతపడింది. యంత్రం మూతపడడం తప్పు కాదు, ఓర్క్నీలో అంతకన్నా ఎక్కువే మూతపడ్డాయి. ఆ రేవు దగ్గర రెండో టర్బైను, మూడో నమూనా, మరో కళాశాల విద్యార్థుల ప్రయోగం ఒకదాని వెంట ఒకటి వచ్చేలా విళింజాన్ని శాశ్వత పరీక్షా క్షేత్రంగా నిలబెట్టకపోవడం తప్పు.

తేడా ఎక్కడుందో చూపే ఉదాహరణ మరొకటి ఉంది. పైనున్న వేడి నీటికీ లోతున ఉన్న చల్లని నీటికీ మధ్య తేడాతో కరెంటు తీసే ఒక మెగావాట్ బార్జిని ఎన్‌ఐఓటీ 2000 తర్వాత తూత్తుకుడి తీరానికి దూరంగా నిలపబోయింది. సిద్ధాంతంలో లోపం లేదు. చల్లటి నీటిని పైకి తెచ్చే సుమారు కిలోమీటరు పొడవైన పైపును సముద్రంలో దించబోయి పోగొట్టుకున్నారు. ప్రాజెక్టును ముంచింది థర్మోడైనమిక్స్ కాదు, పైపు దించే పని. అదే సంస్థ ఆ అనుభవంతో లోతు దగ్గర్లోనే దొరికే లక్షదీవుల్లోని కవరత్తిలో, 2005లో ఒడ్డు నుంచే పైపు వేసి రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తీసే కేంద్రం కట్టింది. తర్వాత మరికొన్ని దీవులకూ ఆ పద్ధతి వెళ్లింది. ఒకే బృందం కొనసాగితే ఓటమి కూడా పెట్టుబడి అవుతుందనడానికి మన దేశంలో ఇంతకన్నా మంచి రుజువు నాకు కనబడదు.

కాబట్టి ఈ రంగంలో ఉద్యోగం అంటే ఏమిటన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: అలల యంత్రం మీద పట్టు ఒక్కటే ఉన్నవాడికి ప్రపంచం మొత్తం మీద కొన్ని వందల స్థానాలే ఉంటాయి, అవీ నిధుల కాలపరిమితితో ముగిసేవి. సముద్రం మీద పని తెలిసినవాడికి అలల కంపెనీ ఒక గిరాకీదారు మాత్రమే. తేలే నిర్మాణాల గమనం లెక్కగట్టడం, లంగరు వ్యవస్థల రూపకల్పన, తుప్పు నివారణ, సముద్రగర్భ కేబుళ్లు వేసి అతకడం, నీటి అడుగున తిరిగే రిమోట్ వాహనాలు నడపడం, సముద్రగర్భ సర్వే, పని చేయడానికి అనువైన వాతావరణం ఎన్ని గంటలుంటుందో ముందే చెప్పడం. వీటికి చమురు, గ్యాస్, రేవులు, నౌకాదళం, సముద్రపు గాలిమరలు అన్నీ గిరాకీదార్లే. తెలుగు నేల మీద ఈ విద్యలకు పునాది చాలావరకు ఉంది. విశాఖలో హిందుస్తాన్ షిప్‌యార్డ్, నౌకాదళ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్, భారత సముద్ర విశ్వవిద్యాలయం క్యాంపస్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెరైన్ ఇంజనీరింగ్ ఉన్నాయి. కాకినాడ నుంచి కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ క్షేత్రాలకు సరఫరా పడవలు తిరుగుతూనే ఉన్నాయి. సముద్రం లేని హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం కూర్చుని దేశం మొత్తానికీ అలల ఎత్తు ముందే చెబుతోంది. వీటిని కలిపే దారమే లేదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది, బలమైనది: సౌరవిద్యుత్తు. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో యూనిట్ ధర రెండు రూపాయల లోపుకు, 1.99కి పడింది. సుందర్‌బన్స్‌లోని దుర్గాదువానీ దగ్గర తలపెట్టిన 3.75 మెగావాట్ల పోటు విద్యుత్ కేంద్రానికి అంచనా వ్యయం 238 కోట్లయింది. మెగావాటుకు 63 కోట్లు. దాన్ని వదిలేశారు, వదిలేయడం న్యాయమే. గ్రిడ్‌కు అమ్మే కరెంటుగా అలలు ఇప్పట్లో సూర్యుడితో పోటీ పడలేవు, పడతాయని చెప్పేవారిని నమ్మకూడదు. కాని గ్రిడ్ చేరని చోట పోటీ సూర్యుడితో కాదు, పడవలో మోసుకెళ్లే డీజిలుతో. దీవుల్లో తాగునీరు, రేవు దారి చూపే బోయాలు, లోతు నీటిలో పనిచేసే కొలత పరికరాలు, చమురు క్షేత్రాల అడుగున తిరిగే రోబోలు: ఇక్కడ కొద్ది కిలోవాట్లకే మంచి విలువ. చెన్నై దగ్గరి కామరాజర్ రేవులో ఎన్‌ఐఓటీ అలలతో నడిచే బోయాను చేసి చూపింది. 2022 నవంబరులో ఐఐటీ మద్రాస్ తూత్తుకుడికి ఆరు కిలోమీటర్ల దూరాన దించిన సింధుజ పరికరం ఇచ్చింది వంద వాట్లే. దాన్ని చూసి నవ్వడం తేలిక. నిజమైన సముద్రంలో నిలబడి వంద వాట్లు ఇవ్వడం, కాగితం మీద వంద మెగావాట్లు చూపడం కన్నా ఎన్నో రెట్లు కష్టం, విలువైన పని.

రెండో అభ్యంతరం, మన సముద్రం బలహీనమైనదని. ఇదీ నిజమే. మన తీరాల్లో ఏడాది సగటు మీటరుకు ఐదు నుంచి పదిహేను కిలోవాట్ల మధ్య; తూర్పు తీరం ఆ వరసలో కింది మెట్టు మీదే ఉంటుంది. దేశంలో అలల శక్తి 41,300 మెగావాట్లని 2014 నాటి ఒక అధ్యయనం చెప్పే అంకె సిద్ధాంతపరమైనది, తీయగలిగినది కాదు. పైగా బంగాళాఖాతంలో సగటు తక్కువ, తుపాను దెబ్బ ఎక్కువ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ఏం చేసిందో తెలిసినవారికి ఆ రెండింటి మధ్య అంతరం వేరే చెప్పక్కర్లేదు. కనుక ఆంధ్ర తీరంలో అలల విద్యుత్ క్షేత్రాలు కట్టమని నేను కోరను. కాని తుపాను తట్టుకునే లంగరు, కేబులు, తేలే వేదిక పరీక్షించడానికి ఇక్కడి అలలు కావలసినంత. యంత్రం అమ్మేది ఎక్కడైనా, ఆరితేరేది ఇక్కడ కావచ్చు.

మూడోది మత్స్యకారులది, అందరికన్నా ముందు వినాల్సింది వాళ్లనే. లంగరు గొలుసులున్న చోట వల వేయలేరు. ఒకసారి పడవల రాకపోకలు నిషేధించిన గీత తర్వాత జరుగుతూ పోదన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమున్న తీరంలో మిగిలిన పది నెలల్లో కోల్పోయే ప్రతి చదరపు కిలోమీటరూ వాళ్ల కూటికి సంబంధించినదే. స్థలం ఎంపికలో వాళ్లు కూర్చోకుండా, పోయిన వేటకు ఏటా లెక్క కట్టివ్వకుండా ఇలాంటి ప్రాజెక్టు మొదలు పెట్టకూడదు. కాపలా పడవలు, సర్వే పడవలు వాళ్లవే అయి ఉండాలి. శ్రీకాకుళం తీరం నుంచి వేల మంది గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి కూలికి చేపలు పడుతున్నారు. సముద్రం మీద నిలబడే ధైర్యం, నీటి వాలు చదివే విద్య వాళ్లకు కళాశాల నేర్పాల్సిన పని లేదు. లేనిది సర్టిఫికెట్టు: డైవింగుకు, ఆఫ్‌షోర్ భద్రతకు, పడవ నడపడానికి గుర్తింపు ఉన్న శిక్షణ. అది లేకపోతే రేపు వాళ్ల ఊరి ముందే వచ్చే పడవ మీద వేరే ఊరి మనిషి పనిచేస్తాడు.

పరిశ్రమ రాకముందే శిక్షణ ఇస్తే నిరుద్యోగులను తయారు చేసినట్టే కదా అన్నది చివరి సందేహం. అలల విద్యుత్తు పేరుతో ప్రత్యేక డిగ్రీ పెడితే అదే జరుగుతుంది, అలాంటి కోర్సులో చేరే ముందు నూరుసార్లు ఆలోచించాలి. విద్యార్థి తీసుకోవాల్సింది నేవల్ ఆర్కిటెక్చరో, సివిలో, ఎలక్ట్రికలో, ఏదో ఒక గట్టి మూల విద్య; దాని మీద సముద్రపు పని అనుభవం. గిరాకీ వైపు చూస్తే, కేంద్ర మంత్రివర్గం 2024 జూన్‌లో గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున సముద్రపు గాలిమరలకు 7,453 కోట్లు ఆమోదించింది. అందులో 600 కోట్లు రెండు రేవులను ఆ పనికి సిద్ధం చేయడానికే. ఆ ప్రాజెక్టులు ఆలస్యమైనా లంగరు, కేబులు, పడవ, డైవరు అవసరం మారదు.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది అలల మెగావాట్ల లక్ష్యం కాదు. 2019లో కేంద్రం సముద్ర విద్యుత్తును పునరుత్పాదక ఇంధనంగా గుర్తించింది, కాగితం మీద అది చాలు. కావలసింది తీరానికి కేబులు, అలల కొలతలు, అనుమతులు ముందే సిద్ధంగా ఉండి పదిహేను ఇరవై ఏళ్ల నిధుల హామీ ఉన్న పరీక్షా క్షేత్రం ఒకటి. విశాఖకు అందుకు తగిన షిప్‌యార్డ్, ప్రయోగశాల, విద్యాసంస్థలు, మత్స్యకార పల్లెలు అన్నీ చేరువలోనే ఉన్నాయి. దానితో పాటు ఒక షరతు ఉండాలి. పెలామిస్ కూలాక స్కాట్లండ్ ప్రభుత్వం నెలకొల్పిన వేవ్ ఎనర్జీ స్కాట్లండ్, తన డబ్బు తీసుకున్న ప్రతి ప్రాజెక్టు నివేదికలను, ఓడినవాటివి సహా, అందరూ చదివేలా బయట పెడుతోంది. మన ప్రజాధనంతో సముద్రంలోకి దిగే ప్రతి యంత్రానికీ అదే నియమం టెండరులోనే రాయాలి: ఏ గొలుసు ఏ నెలలో తెగింది, ఏ సీలు కారింది, దించడానికి ఎన్ని రోజులు పట్టింది, ఎంత ఖర్చయింది. విశాఖలోనో కాకినాడలోనో చదివే విద్యార్థి ఆ వివరాలను తన భాషలోనే చదువుకోగలగాలి.